నవంబరులో ఉత్తరానికి

ఎల్వా ఎర్ర పెన్సిలు చెక్కుకుని వంటింటి బల్ల మీద మ్యాపు పరిచింది. కిటికీలోంచి చూస్తే నిమ్మచెట్టు మొద్దు. దాని పక్కనే తెల్లగా, పొడుగ్గా కొత్త కారవాన్, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు.

కూతురు పుట్టిన ఏడు నాటిన చెట్టది. పోర్ట్ అగస్టా ఎండకి మాడిపోకుండా గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పెంచింది. నాలుగు రోజులు చెల్లెలింటికి వెళ్ళి వచ్చేసరికి క్లెమ్ కొట్టించేశాడు.

"కారవాన్ పట్టాలి కదా," అన్నాడు. అంతే. తప్పు చేసిన మొహం కూడా పెట్టలేదు.

"ఎక్కడికి?"

"ఉత్తరానికి. లిచ్‌ఫీల్డ్, కకడూ, కేథరిన్ లోయలు, ఆ అడవి పార్కులన్నీ. ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. ఫ్రిజ్జుంది, ఏసీ ఉంది. నువ్వు అక్కడ పుట్టినదానివి కదా, దారి నువ్వే వెయ్యి. నాకు ఈ బుకింగులవీ చేతకావు."

పెళ్ళయినప్పటి నుంచీ ఏటా అడిగిన మాట అది. ఒక్కసారి మా ఊరు పైన్ క్రీక్ తీసుకెళ్ళు, మా నాన్న పని చేసిన గని చూపిస్తాను, తామరల చెరువు చూపిస్తాను అని. ఈగలు అనేవాడు. దూరం అనేవాడు. ప్రతి సెలవుకీ పాత కారవాన్ తగిలించుకుని దక్షిణాన చేపలు పట్టడానికి పోయేవాడు.

అక్కడైనా ఆవిడకి సుఖం ఏముంది కనక. క్యాంపులో బండి వెనక్కి పెట్టేటప్పుడు వెనకాల నిలబడి చేతులూపడం ఆవిడ పని. సాయంత్రమయ్యేసరికి జనం మడత కుర్చీలు వేసుకుని, బీరు పట్టుకుని ఆ తమాషా కోసమే కూర్చుంటారు. "ఎడమంటే నీ ఎడమా నా ఎడమా? బుర్ర ఎక్కడ పెట్టి ఊపుతున్నావే?" అని క్లెమ్ అరిస్తే అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. ఆ నవ్వులు ఒక్కటీ అరగలేదు, కడుపులో అలాగే ఉన్నాయి.

"వేస్తాను," అంది ఎల్వా. "చూస్తూ ఉండు, ఎంత చక్కగా వేస్తానో."

మొదట ఏ నెలలో వెళ్ళాలో తేల్చింది. నవంబరు.

"జూన్, జూలై చలికాలంలో పోతారటగా అందరూ?" అన్నాడు క్లెమ్.

"అందరూ పోయినప్పుడు నీకు చోటేం మిగులుతుంది? నవంబరులో క్యాంపులన్నీ ఖాళీ."

అబద్ధం కాదు, ఖాళీయే. ఆ నెలలో అక్కడ వాన రాదు, ఇదిగో వస్తున్నా అని రోజూ బెదిరిస్తుంది. తడిసిన చొక్కా ఒంటి మీద ఆరదు. పైన్ క్రీక్‌లో మొగుడూ పెళ్ళాలు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని కొట్టుకునేది ఆ నెలలోనే. ఎల్వా తల్లి నవంబరు వస్తే ఇంట్లో గొడ్డలి దాచేసేది.

"ఎండ నాకు కొత్తా ఏంటి?" అన్నాడు క్లెమ్.

పోర్ట్ అగస్టా ఎండ ఎండబెడుతుంది. అక్కడి ఎండ ఉడకబెడుతుంది. ఆ తేడా ఎల్వా చెప్పలేదు.

కరెంటు లేని క్యాంపులు ఏరింది. జనరేటరు పెట్టనివ్వనివి ఏరింది. ఇక ఏసీ అలంకారానికే. ఒక చోట నెత్తిన చెట్ల నిండా గబ్బిలాలు. ఇంకో చోట గుమ్మం ముందే ఏరు, మొసళ్ళ భయానికి అందులో కాలు పెట్టలేరు. మరో చోట తలుపు తెరిస్తే దోమలు, మూస్తే క్లెమ్ గురక. ఆ కారవాన్‌లో పడుకునే ఇద్దరికీ ఈ బాధ సమానమే. తెలిసే గీసింది గీత.

పైన్ క్రీక్‌లో మాత్రం ఆగే చోటు పెట్టలేదు. తామరల చెరువు మాట ఎత్తనే లేదు.

పక్కింటి బెరిల్ నారింజ కేకు పట్టుకుని వచ్చింది. మొగుడు పోయి రెండేళ్ళయింది ఆవిడకి. దుప్పట్లు కూడా ఇస్త్రీ చేసి పరుచుకునే మనిషి.

"చెట్టు కొట్టొద్దని నేను చెబుతూనే ఉన్నాను ఎల్వా. క్లెమ్ వింటేనా?"

"ఎవరి మాట విన్నాడు కనక."

బెరిల్ మ్యాపు మీదకి వంగింది. "అక్కడ నీళ్ళకేం ఇబ్బంది లేదు కదా?"

"గుమ్మం దిగితే నీళ్ళే."

"రాత్రుళ్ళు చలేస్తుందా?"

"పల్చటి దుప్పటి చాలు. చుట్టుపక్కల మనిషన్నవాడు ఉండడు. ఇద్దరికిద్దరే."

బెరిల్ బుగ్గలు ఎర్రబడ్డాయి. కేకు ముక్క కోసి ఎల్వా వైపు జరిపింది. "ఇంత జరిగాక కూడా దారి వేసి పెడుతున్నావు చూడు. నీకు కోపమే రాదా?"

"నిమ్మచెట్టుదేముంది, మళ్ళీ నాటుకుంటాను."

"నువ్వు చాలా మంచిదానివి ఎల్వా."

"అదే అంటారు అందరూ," అంది ఎల్వా. కేకు మాత్రం ముట్టుకోలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే క్లెమ్ కొత్త టోపీ పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారవాన్‌ని వెనక్కి నడిపి రోడ్డెక్కించాలి. గేటు పక్కన ఇటుకల పోస్టుడబ్బా ఉంది.

"వెనకాల నిలబడు," అని అరిచాడు. "ఈసారైనా సరిగ్గా ఊపు."

ఎల్వా వెళ్ళి నిలబడింది. చేతులెత్తింది. ఒక్క వేలు తప్పుగా ఊపితే చాలు, ఆ కొత్త కారవాన్ వీపు ఇటుకలకి నలిగిపోతుంది. ప్రయాణం అక్కడితో సరి.

ఊపలేదు అలా. పసిపిల్ల చెయ్యి పట్టి నడిపించినట్టు, ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు అని జాగ్రత్తగా బయటికి తెచ్చింది. ఎక్కడా గీత కూడా పడలేదు.

"ఇంత బాగా ఎప్పుడూ ఊపలేదు నువ్వు," అన్నాడు క్లెమ్. అన్నేళ్ళలో మొదటి మెప్పు.

ఎల్వా మ్యాపు మడిచి పట్టుకుని ముందుకి నడిచింది, క్లెమ్ పక్కసీటు కిటికీ దగ్గర ఆగి దాన్ని లోపలికి అందించి, "ఇక మీదట వెనకాల నిలబడి చేతులూపాల్సింది నువ్వే బెరిల్," అంది.