మబ్బుల సంతకం

“దీన్నా నువ్వు ఫ్యాక్టరీ అంటున్నావు?” ముక్కు మీది రుమాలు తీయకుండానే అడిగాడు రఘునాథ్.

రెజిమెంటల్ బజార్ సందులో రెండు గదుల కొట్టు అది. ఒక గది నిండా మోదుగాకుల కట్టలు. ఇంకో గదిలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని పుల్లలతో విస్తళ్లు కుడుతున్నారు. యజమాని రాజేందర్ కుర్చీ తుడిచి వేశాడు. రఘునాథ్ కూర్చోలేదు. తెల్ల ప్యాంటు మరి!

నిన్నమొన్నటిదాకా ప్లాస్టిక్ ప్లేట్లు అమ్మిన మనిషే ఈ రఘునాథ్. ఇప్పుడు ఉన్నట్టుండి పర్యావరణం మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఓ పెద్ద ఆసుపత్రి తన క్యాంటీన్లన్నిటికీ ఇకమీదట ఆకు ప్లేట్లే కావాలంది. ప్రతి ప్లేటు కిందా క్యూఆర్ కోడ్ ఉండాలట. ఫోన్ పెడితే ఆకు ఏ అడవిదో, ఎక్కడ కుట్టారో చెప్పాలట. రఘునాథ్ దగ్గర కోడ్ బ్రహ్మాండంగా ఉంది. లేనిదల్లా ప్లేటు. అది కుట్టే భాగస్వామి సంతకం రేపు పదింటిలోగా ఆసుపత్రికి చేరకపోతే కాంట్రాక్టు పోటీలో ఉన్న దేవిశ్రీ మేడం కంపెనీకి పోతుంది. అది పోతే రఘునాథ్ తన కంపెనీకి తాళం వేసుకోవడమే. చేతిలో వేరే ఆర్డరు ఒక్కటీ లేదు.

ఈ సంగతి మాత్రం రాజేందర్‌కి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటాడని భయం.

“చాయ్ తాగుండ్రి సారూ,” అంటూ రాజేందర్ భార్య పుష్పమ్మ గ్లాసు పట్టుకొచ్చింది.

“నాకేం వద్దు. ముందు ఆ పుల్లలు పళ్లతో కొరకడం మానండి. ఛీ! ఆసుపత్రి వాళ్లు చూస్తే వాంతి చేసుకుంటారు.”

పుష్పమ్మ మొహం చిన్నబోయింది. గ్లాసు అలాగే వెనక్కి తీసుకెళ్లింది. రాజేందర్ ఆమె వైపు ఓసారి చూసి, రఘునాథ్ ఇచ్చిన కాగితాలు తిరగేశాడు.

“ఏంది సార్, దీంట్ల మా పేరు ఏడ సుత లేదు?”

“ఎందుకుంటుందయ్యా? బ్రాండ్ మాది. నీ పేరు చూసి ఎవడు కొంటాడు? మాలాంటి వాళ్లతో చేయి కలపడమే నీకు మహాభాగ్యం. మా ఆఫీసు గేటు మనిషి మొహం చూసి తెరుచుకుంటుంది, తెలుసా? అంత స్మార్టు! ఇంతకీ క్లౌడ్ అంటే ఏంటో తెలుసా నీకు?”

రాజేందర్ ఓ క్షణం అతని మొహంలోకి చూశాడు. “మా పనంతా మబ్బులనే సార్.”

రఘునాథ్ పగలబడి నవ్వాడు. “క్లౌడ్‌ని మబ్బు చేసేశావా! భలేవాడివే! సరే, నీ భాషలోనే చెబుతా విను. లింకు పంపిస్తాను. సంతకం పెట్టి ఆ మబ్బుల్లో పెట్టు. పది దాటకూడదు.”

“పది దాంక ఎందుకు సార్? మబ్బులనే పంపిస్త.”

కారెక్కాక ఆ మాట డ్రైవరుకి చెప్పి మళ్లీ నవ్వాడు రఘునాథ్. ఇలాంటి మొద్దులతో పొత్తు పెట్టుకోవాల్సిన ఖర్మ పట్టిందని వాపోయాడు కూడా.

మర్నాడు తొమ్మిదింటికి చూస్తే క్లౌడ్‌లో ఫోల్డర్ ఖాళీ. తొమ్మిదిన్నరకీ ఖాళీయే. పదిసార్లు ఫోన్ చేసినా రాజేందర్ ఎత్తలేదు. పది దాటిన ఐదు నిమిషాలకు ఆసుపత్రి నుంచి మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు దేవిశ్రీ కంపెనీకి ఇచ్చారు. ప్లేట్ల భాగస్వామి రెజిమెంటల్ బజార్ రాజేందర్ అని రాశారు.

రఘునాథ్ కొట్టులోకి దూసుకొచ్చాడు. ఈసారి రుమాలు లేదు, ప్యాంటు సంగతీ గుర్తులేదు.

“దగాకోర్! పంపిస్తానని మాటిచ్చి ఆమెకు సంతకం పెడతావా?”

“జెర నిమ్మలంగ సార్. మబ్బుల పంపిస్త అన్ననా లేదా? మబ్బుల అంటే పొద్దు పొడవకముందు. మా దిక్కు గట్లనే అంటరు. కాయితం పట్టుకోని నేనే ఐదింటికి మీ గేటు కాడికొచ్చిన. మొహం చూసి తెరుస్తదంటిరి. నా మొహం దానికి నచ్చనట్టుంది. గంటసేపు నిలబడి మర్లొచ్చిన. మీకు అక్కర లేదేమో అనుకున్న. గంతల దేవిశ్రీ మేడం వచ్చింది. ప్లేటు మీద మా పుష్ప పేరు సుత వేస్తనంది. పెట్టిన సంతకం.”

రఘునాథ్‌కి మబ్బుల సంగతి అప్పుడర్థమైంది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే వ్యాపారం. ఇక్కడి వాళ్లు రోజూ అనే మాట ఒక్కనాడూ చెవిన పెట్టలేదు. ఆ ఒక్క మాటకి కంపెనీ పోయింది. కోపమంతా తన మీదకే తిరిగి, నీరుగారిపోయాడు.

“తప్పు నాదేనండీ రాజేందర్ గారూ,” అన్నాడు. గారు అనడం అదే మొదటిసారి. “పాపం, చలిలో గంటసేపు నిలబెట్టాను మిమ్మల్ని.”

“అయ్యో, దాంట్ల తక్లీఫేముంది సార్.”

తలొంచుకుని గడప దాటుతుంటే వెనక నుంచి పుష్పమ్మ గొంతు వినిపించింది.

“మబ్బుల నువ్వు ఇంట్లనే పండుకుంటివి గదనయ్యా!”