రాజీ కాఫీ

ఇంటి స్థాయి నాలుగుకి చేరినప్పటి నుంచి వకుళకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఊళ్లో ప్రతి వంటగది గోడకీ ఓ మదింపు పెట్టె ఉంటుంది. ఇల్లెంత పద్ధతిగా నడుస్తోందో చూసి అది స్థాయి ఇస్తుంది. నాలుగో స్థాయి ఇళ్లకే కుళాయి నీళ్లు. మిగతావాళ్లకి ట్యాంకరే గతి.

వకుళావాళ్లు చాలాకాలం రెండో స్థాయి దగ్గరే ఆగిపోయారు. "గొడవపడ్డాక మీరు రోజుకో రకంగా రాజీపడుతున్నారు. ఒకే పద్ధతి పెట్టుకోండి," అంది పెట్టె. అప్పట్నుంచి గొడవైన పావుగంటకల్లా మొగుడు గిరిధరం కాఫీ తెచ్చి, "తప్పు నాదేలే" అంటాడు.

ఆ ఉదయం గిరిధరం వకుళ తల్లిని ఓ మాటన్నాడు. పావుగంటకి కాఫీ వచ్చింది.

"తప్పు తెలిసి తెచ్చారా, టైమైందని తెచ్చారా?" అంది వకుళ.

గిరిధరం పెట్టె వంక చూశాడు. "ఏమో వకుళా, నాకే తెలీట్లేదు" అంటూ కాఫీని సింకులో పారబోశాడు.

పెట్టె మీద అంకె మూడుకి పడింది. కుళాయి బొట్లుబొట్లుగా కారి ఆగిపోయింది. కడగని గ్లాసు పట్టుకుని అతనక్కడే నిలబడ్డాడు.

"మీ అమ్మని అలా అనాల్సింది కాదు," అన్నాడు.

వకుళ బిందె చంకనెత్తుకుంది. "పదండి, ట్యాంకరొచ్చే వేళైంది. ఆ రెండో బిందె మీరు పట్టుకోండి."