ఏజెంటు అభ్యంతరం

చివరి గంట రోగులకు కేటాయించారు. ఐదు కాగానే పోలింగు గదిలో ఉన్నవాళ్ళంతా తల నుంచి కాళ్ళదాకా తెల్ల సూట్లు తొడుక్కున్నారు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఛాతీ మీద అంటించిన చీటీలే ఆధారం.

ఐదుగురు ఏజెంట్లలో నలుగురు నాలుగున్నరకే జారుకున్నారు. ఒక్కడు మిగిలాడు. డిపాజిట్టు కూడా దక్కని పార్టీ తరఫున వచ్చి, పొద్దుటినుంచి నోరు విప్పని మనిషి.

"మీరూ వెళ్ళొచ్చు కదండీ," అన్నాడు ప్రిసైడింగ్ అధికారి. మామూలు రోజుల్లో ఆయన లెక్కల మాస్టారు. "ఎలాగూ మీవాళ్ళు గెలిచేది లేదు."

"ఉంటానండీ."

వచ్చినవాళ్ళు జాబితాలోని మనుషులేనా అని చూడడం ఏజెంట్ల పని. దొంగ ఓటని అనుమానమొస్తే అభ్యంతరం చెప్పాలి. అప్పుడు అధికారి విచారించి తేల్చాలి.

ఆరుకు పావుగంట ఉందనగా అంబులెన్సు వచ్చింది. బయటివాళ్ళనెవరినీ గుమ్మం తొక్కనివ్వని ఐసోలేషన్ కేంద్రం నుంచి. నర్సు ఒకామెను చెయ్యి పట్టుకుని దించింది. నేల మీద గీసిన వృత్తాలను ఒక్కొక్కటే దాటుకుంటూ, రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ ఆమె బల్ల ముందుకొచ్చింది. ప్లాస్టిక్ తెర అవతలినుంచి కార్డు చూపించింది. గుమాస్తా పేరు చదివి, జాబితాలో గీత పెట్టబోయాడు.

"అభ్యంతరం," అన్నాడు ఏజెంటు.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "ఏమిటండీ?"

"ఈవిడ ఆవిడేనని నాకు నమ్మకం లేదు. మాస్కు దించమనండి."

"ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈవిడే దొరికిందా మీకు?" నర్సు గయ్యిమంది. "ఆరున్నరకల్లా మళ్ళీ మంచమ్మీద ఉండాలి. ఆక్సిజన్ తీసి మరీ తీసుకొచ్చాను."

"రూలు రూలేనండీ. ఆరడుగుల దూరం ఉంది. కిటికీలూ తెరిచే ఉన్నాయి."

మాస్టారికి వేరే దారి లేకపోయింది. ఆరు కాగానే నర్సు ఆమెను వెనక్కి తీసుకెళ్ళిపోతుంది. ఈలోపు విచారణ తేలకపోతే ఆమె ఓటు పోయినట్టే.

ఆమె మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. పాలిపోయిన మొహం. పెదవులు పగిలాయి. గొట్టం రాపిడికి ముక్కు పక్కన మచ్చ పడింది.

"కాస్త వెలుతురులోకి జరగమనండి."

జరిగింది.

"మాట్లాడించండి. ఇంటి నంబరు అడగండి."

చెప్పింది. దగ్గొచ్చింది. అది ఆగేదాకా గదిలో ఎవరూ కదల్లేదు.

"సరిపోయింది," అన్నాడు మాస్టారు జాబితా చూసి. "ఇక అయిందా?"

"ఆ ఇంట్లో ఉంటున్నట్టో లేనట్టో తేలాలి కదండీ. మళ్ళీ ఎప్పుడు వెళ్తుందో అడగండి."

"నీ ఇల్లు బంగారంగానూ! దానికీ ఓటుకీ ఏమిటయ్యా సంబంధం?" అని విసుక్కున్నాడు మాస్టారు.

జవాబు ఆమే ఇచ్చింది. "ఇంకో వారం అన్నారు. పరీక్ష బాగా వస్తే. ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది."

"ఆయనకెందుకమ్మా ఇవన్నీ!" అంది నర్సు.

ఏజెంటు తలెత్తి చూశాడు. గోడ గడియారంలో ఆరుకు నాలుగు నిమిషాలుంది.

"సరే. అభ్యంతరం లేదు," అన్నాడు.

ఆమె మాస్కు పైకి లాక్కుంది. గ్లౌజు వేసిన వేలితో మీట నొక్కింది. యంత్రం కూసింది. గుమాస్తా ఆమె నిలబడ్డ చోట మందు పిచికారీ చేశాడు.

అంబులెన్సు మెట్టెక్కిస్తున్నప్పుడు కూడా నర్సు కోపం చల్లారలేదు. "జబ్బు మనిషని కూడా చూడకుండా! ఎవరమ్మా ఆ రాక్షసుడు?"

"మా ఆయన," అంది ఆమె.