బాలస్వామి జామకాయ కొరికిందెవరు?

జామచెట్టు కింద కొరికి పడేసిన కాయ కనబడేసరికి బాలస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది.

నిన్న పొద్దుగూకేదాకా కొమ్మకొమ్మా చూసుకున్న కాయలు! తెల్లారేసరికి చెట్టు బోసిపోయింది. పోయినవి పోగా, ఒక్కదాన్ని కొరికి, వెక్కిరించినట్టు అక్కడే వదిలిపోయాడు దొంగ. కొరికిన చోట ఎర్రటి మరక.

"ఇది సాయిలు పనే!" అని తేల్చేశాడు. పక్కింటి సాయిలు అప్పుడప్పుడు గోడ మీంచి చెట్టువైపు చూస్తాడు. అంతకుమించి సాక్ష్యం లేదు.

"గంత తొందరేంది? ఆ ఎర్రగున్నదేందో జర డాక్టరమ్మను అడుగు," అంది భార్య జానమ్మ, చీపురు ఆపకుండానే.

డాక్టరమ్మంటే అక్షిత. డెంటల్ కాలేజీలో చిగుళ్ల జబ్బుల మీద పీజీ చేస్తోంది. కాలేజీవాళ్ల దవాఖాన వ్యాను బాలస్వామి ఇంటి ముందు జాగాలోనే ఆగి ఉంది. వచ్చిన రోజే మైకు పట్టుకుని, "పండు కొరికితే రక్తం అంటుతోందా? అయితే మీ చిగుళ్లకు జబ్బు ఉన్నట్టే. నొప్పి లేదని ఊరుకోకండి!" అని గొంతు పోయేలా చెప్పింది పాపం. ఒక్కరు వ్యాను ఎక్కితే ఒట్టు. పళ్లు కడిగిస్తే వదులైపోతాయని ఆ ఊరి నమ్మకం. ఆ మాట అందరికంటే గట్టిగా చాటినవాడు బాలస్వామే.

ఎందుకు చాటడు? ఆయన ముందుపళ్లు రెండు ఊగుతున్నాయి. పొద్దున లేస్తే దిండు మీద రక్తపు మరకలు. "వక్క నమిలిన, గంతే," అని ఇంట్లో దబాయించేవాడు. జానమ్మ రోజూ దిండు గలేబు ఉతికి ఆరేసేది. అసలు ఆ చెట్టు కాయ ఒక్కటి కొరికి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కాపలా మాత్రం ప్రాణం పెట్టి కాస్తాడు. డాక్టరు కుర్చీలో కూచుంటే ఉన్న పళ్లన్నీ పీకేస్తారని లోపల ఒకటే దడ. దడ అని చెబితే మీసం ఏం కావాలి!

అక్షిత ఆ కాయను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహం అప్పటికే వాడిపోయి ఉంది. కేసులు దొరక్కపోతే రేపే వ్యాను వెనక్కి తెచ్చెయ్యమని ప్రొఫెసరు ఫోన్లో కేకలేశాడు. వ్యాను పోతే ఆమె పీజీ థీసిస్ కూడా అంతటితో ఆగినట్టే.

"రక్తమేనా బిడ్డా?"

"చూస్తే గట్లనే ఉంది పెద్దబాపు. రక్తమే అయితే, కొరికినోళ్ల చిగుళ్లకు జబ్బున్నట్టు."

ఇంకేం కావాలి! బాలస్వామి నేరుగా చాయ్ హోటల్ కాడికి పోయి గొంతెత్తాడు. "ఊర్ల దొంగ వడ్డడు! వాని చిగుళ్లకెంచి రక్తం కారుతాంది. అందరు వ్యాను ఎక్కి నోరు చూపియ్యాలె. నోరు తెర్వనోడే దొంగ!"

దొంగ అనిపించుకోవడానికి ఎవడు ఒప్పుకుంటాడు? ఊరు ఊరంతా వరుస కట్టింది. అందరికంటే ముందు జానమ్మే ఎక్కి నోరు తెరిచింది. తన ఇల్లాలు ఊరందరికీ దారి చూపిందని బాలస్వామి మీసం దువ్వుకున్నాడు. ఆ వెనకే సాయిలు, కోపంతో పళ్లు నూరుతూ.

మధ్యాహ్నం జానమ్మ జొన్నరొట్టెను మెత్తగా నానబెట్టి, ఏదో పచ్చడి వేసి పెట్టింది. కోపంలో అదేం పచ్చడో అడగలేదు గానీ, మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాడు.

సాయంత్రం వ్యాను గుమ్మంలో నిలబడి అడిగాడు బాలస్వామి. "దొరికిండా?"

"దొరుకుడేంది పెద్దబాపు! సగం ఊరికి రక్తం వస్తాంది," అంది అక్షిత. మొహం మతాబాలా వెలుగుతోంది.

"అంటే సగం ఊరు దొంగలేనా?"

"ఈ జబ్బే దొంగ జబ్బు. నొప్పి తెల్వదు. లోపల్లోపల ఎముకను తింటది. పళ్లు ఊగేదాకా ఎవలకూ తెలిసిరాదు."

బాలస్వామి నాలుక దానంతటదే ముందుపళ్ల మీదికి పోయింది.

అప్పుడే అందరికంటే చివర నోరు చూపించి దిగిన గుర్వమ్మ గొంతు ఖంగుమంది. "మేమందరం తెరిస్తిమి. మరి బాలస్వామి నోరు ఎవలు చూసిండ్రు?"

"నోరు తెర్వనోడే దొంగన్నది ఎవలో!" అన్నాడు సాయిలు. అందరూ గొల్లుమన్నారు.

బాలస్వామి దీనంగా పెళ్లాం వైపు చూశాడు. ఆదుకుంటుందనుకున్నాడు.

"ఎక్కు మరి. ఇజ్జత్ పోతది," అంది జానమ్మ.

చచ్చినట్టు ఎక్కాడు. కుర్చీ వెనక్కి వాలింది. నోట్లోకి లైటు పడింది. అక్షిత కొలత గీతలున్న సన్నటి ఇనుప పుల్లను చిగురు సందులోకి మెల్లగా దింపి లోతు కొలిచింది. బాలస్వామి గట్టిగా కళ్లు మూసుకుని కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

"పీకుడు లేదు పెద్దబాపు," అంది అక్షిత. "ఇంకొన్ని దినాలైతే ఈ రెండు ఊడిపోతుండె. ఇప్పుడైతే కాపాడొచ్చు. ఇయ్యాల కడుగుత, తర్వాత కాలేజీకి రా, మా సారు ముందల చిన్న ఆపరేషన్ చేస్త. మళ్ల జామకాయ కొరుకుతవు."

ఆ మాటకు బాలస్వామి కళ్ల వెంట నీళ్లు కారాయి. భయమంతా నీళ్లైపోయిందేమో. ఏదో అనబోయాడు గానీ, అప్పటికే నోట్లో ఒకవైపు నీటి గొట్టం, ఒకవైపు గుయ్యిమంటున్న మిషను.

జానమ్మ దగ్గరకొచ్చి, కొంగుతో ఆయన కళ్లు తుడిచి, చెవి దగ్గర వంగింది.

"సాయిలును ఇగ తిట్టకు. కాయ కొరికింది నేనే, బీట్‌రూట్ ముక్క రుద్దింది నేనే. మిగిలిన కాయలంటవా, పగటాల రొట్టెతోని లొట్టలేసుకుంట తిన్నవు గద పచ్చడి, అవే!"