పెద్దక్కా, కాస్త చూడవూ

ఫోన్ మళ్ళీ టింగుమంది. చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని, నర్సు రెండో చేత్తో ఫోన్ తీసి చూసింది. ఎవరో ట్యాగ్ చేశారు.

"@పెద్దక్క, సెలైన్ చుక్కల లెక్క ఇంకోసారి చెప్పవూ?"

నిన్న చెప్పింది. మొన్నా చెప్పింది. కాస్త పైకి జరుపుకుంటే అక్కడే కనిపిస్తుంది. కానీ పైకి జరపాలంటే వేలు నొప్పి. పెద్దక్కని పిలవడానికి ఏం నొప్పి?

హెడ్ నర్సు పరీక్షకి చదివేవాళ్ళందరూ ఒక ఆన్‌లైన్ క్లాసులో ఉంటారు. పాఠాలు వినడం, సందేహం వస్తే అక్కడే రాయడం. తనూ చదువుకుందామనే చేరింది మహాతల్లి. ఎవరో పిల్ల ఏడుపు మొహం పెట్టి ఏదో అడిగితే, అయ్యో పాపమని విడమరిచి చెప్పింది. అంతే, దొరికిపోయింది. ఆ పిల్ల పెద్దక్కా అంది, మిగతావాళ్ళూ అందుకున్నారు, ముద్దుగా ఉంది కదా అని ఈవిడ కూడా అదే పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఎవరికి చీమ కుట్టినా పెద్దక్కే కావాలి.

ఫోన్ ఇంకోసారి మోగింది. ఈసారి వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. పొద్దుట్నుంచీ ఆ మోతేమిటని అడిగింది. క్లాసులో వాళ్ళకి సందేహాలని కోడలు చెప్పింది. లోకంలో అందరి సందేహాలూ నువ్వు తీరిస్తే రేపు నీ పరీక్ష ఎవరు రాస్తారే అని ఆవిడ దెప్పింది.

"తన్నుమాలిన ధర్మం, మొదలుచెడ్డ బేరం" అని కూడా అంది.

మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. రేపే పరీక్ష. అది గట్టెక్కితే హెడ్ నర్సు అవుతుంది, రాత్రి డ్యూటీలు తప్పుతాయి. గట్టెక్కకపోతే మళ్ళీ అవే రాత్రులు, అవే వాచిన కాళ్ళు. ఇంక తనవల్ల కాదు. ఈ ఉదయం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పడానికి వంగి, లేవలేక గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

చిక్కల్లా ఈసీజీలో కనిపించే గుండె గీతల దగ్గర వచ్చింది. సర్వీసంతా కాన్పుల వార్డులోనే గడిచింది, ఆ గీతల జోలికి పోయే పని పడలేదు. పుస్తకంలో రెండు బొమ్మలున్నాయి. ఒకదానికి వెంటనే షాక్ ఇవ్వాలట, రెండోదానికి ఇవ్వకూడదట. చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. విసుగొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

క్లాసులో అడుగుదామని రాసింది, చెరిపేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపేసింది. అత్తగారు అదంతా చూస్తూనే ఉంది.

"ఏమే, నీకూ సందేహమేనా?"

"అవునత్తయ్యా. అడగాలంటే సిగ్గేస్తోంది. పెద్దక్కకే తెలీదా అనుకుంటారు."

"వేరే పేరు పెట్టుకుని అడుగు. పేరుకేమైనా పన్ను కట్టాలా?"

అదీ నిజమే. కొత్త ఖాతా తెరిచి 'కొత్తమ్మాయి' అని పెట్టుకుంది. ఈ వయసులో కొత్తమ్మాయేమిటని అడక్కండి, ఆ క్షణానికి అదే తోచింది. పాత పేరుకొచ్చే మోతలన్నీ ఆపేసింది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ రెండు బొమ్మలూ ఫొటో తీసి పెట్టి, కింద రాసింది.

"అక్కలూ, రేపే నా పరీక్ష. వీటి తేడా ఎలా పట్టాలో ఎవరైనా చెప్పండి. మీ మేలు మర్చిపోను."

ఎవరూ పలకలేదు. యూనిఫాం ఇస్త్రీ చేస్తూ చూసింది. చాలామంది చూసినట్టు కనిపిస్తోంది, ఒక్కరూ నోరు విప్పలేదు. కాలర్ మీద పెట్టిందే పెట్టి ఇస్త్రీ చేస్తోంది. అడిగి ఎదురుచూసేవాళ్ళ ప్రాణం ఎలా కొట్టుకుంటుందో ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. సెలైన్ చుక్కల పిల్ల కూడా ఇలాగే ఫోన్ చూసుకుంటూ ఉంటుందేమో అనిపించింది. పాపం, చెప్పేస్తే పోయేది.

అప్పుడు మోగింది ఫోన్. ఒకటి, వెంటనే ఇంకోటి, ఆ తర్వాత ఆగకుండా టింగుటింగుమంటూనే ఉంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి పరుగెత్తింది. అత్తగారు కూడా చెయ్యి తుడుచుకుంటూ వెనకే వచ్చింది. ఇందాక దెప్పిన నోటితోనే, చూశావా, నలుగురికి చేసిన మేలు ఎక్కడికీ పోదు అంది.

కోడలు మొదటి జవాబు చదివింది. రెండోది చదివింది. కిందికి జరుపుతూ చివరిదాకా చూసి, కుర్చీ లాక్కుని మెల్లగా కూలబడింది.

"ఏమే, చెప్పారా?"

"అందరూ చెప్పారు."

"ఏమని?"

నర్సు ఫోన్ బల్ల మీద బోర్లించి, వాచిన కాళ్ళు ఎదుటి కుర్చీ మీదికి చాపుకుంది.

"పెద్దక్కని అడగమన్నారు, అత్తయ్యా."