ఘోడా మార్చిన తుపాకీ

"దీంట్లో ఏవి అసలు భాగాలో, ఏవి తర్వాత మార్చినవో చెప్పనా?" మామగారి పాత తుపాకీని ఒళ్లో పెట్టుకొని అడిగాను. మా నాన్నది సికింద్రాబాదులో తుపాకుల దుకాణం. పెళ్లయి నెల కాలేదు. మా ఆయన ముందు చూపించుకోవడానికి నాకూ ఒక విద్య దొరికిందని సంబరపడిపోయాను.

"గా ఘోడా ఒక్కటే కొత్తది," ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే ఇనుప ముక్కను చూపించాడు మా ఆయన జయానందం. "పాతది అరిగివుండె. చిన్నప్పుడు నేను తుపాకి కింద పడేసిన. పేలి నాయన పోయిండు. తర్వాత అమ్మ ఘోడా మార్పిచ్చింది."

బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తలేదు.

ఘోడా మీదా గొట్టం మీదా ఒకే నంబరుంది. దాన్ని బిగించిన మరను ఎవరూ విప్పిన గుర్తు లేదు. ఘోడా ఎత్తి, ఖాళీ తుపాకీని నేలకేసి గట్టిగా కొట్టాను. ఎత్తిన ఘోడా జారలేదు.

"ఏమండీ, ఇది అసలుదే! కింద పడితే పేలే తుపాకీ కాదిది. మీ తప్పేం లేదు!" ఆనందంతో ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి విడిపించుకొని అత్తమ్మ వైపు తిరిగాడు. "మరి నాయన ఎట్ల పోయిండమ్మా?"

అత్తమ్మ చేట పక్కన పెట్టింది.

"తనే కాల్సుకున్నడంటే చర్చోళ్లు సమాధుల తోటల జాగ ఇస్తరా బిడ్డా? పోరడు పడేసిండని చెప్తే ఇచ్చిండ్రు."