సబ్బే కావాలె

నైట్ షిఫ్టు. దవాఖాన ల్యాబుల ఒక్కదాన్నే ఉన్న. బొగ్గుబాయిల దెబ్బలు తగిలి వార్డుల పడ్డ మా ఆయన రక్తంల ఫాస్ఫేట్ చూస్తున్న. అది ఎంత ఎక్కువుంటే ట్యూబుల నీళ్లు అంత నీలమైతయ్. గింత చిక్కటి నీలం పానం పోయినోళ్ల రక్తంలనే చూసిన.

ట్యూబుకు సబ్బు అంటుకుని ఉన్నా నీలమే వస్తది. సబ్బే కావాలె, దేవుడా! ఆసిడ్‌తోని కడిగి మళ్ల చేసిన. మళ్ల అదే నీలం.

ఫోన్ మోగింది. వార్డు నర్సు స్వరూప.

"మమతక్కా, ఫికర్ చెయ్యకు. బావ లేచిండు. నీ దగ్గరికే నడుసుకుంట వస్తుండు."

వరండాల అడుగుల చప్పుడు తలుపు కాడ ఆగింది.

"మమతా, తలుపు తియ్యి. సలి పెడ్తుంది."

ఆయన గొంతే. ఉరికి గొళ్లెం మీద చెయ్యేసిన.

"జరంత ఆగు," అన్న.

ట్యూబు మళ్ల కడుగుతున్న.